టర్పెంటా, థిన్నరా, స్పిరిటా? షాపులో అడిగే ముందు ఒకసారి చూసుకోండి

తిరుపతిలో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా "అన్నా, ఒక లీటరు టర్పెంట్ ఇయ్యి" అంటే నిమిషంలో సీసా చేతికొస్తుంది. ఆ సీసాలో ఉండేది మాత్రం చాలాసార్లు పేరుకే టర్పెంటైన్. అసలు టర్పెంటైన్‌ని పైన్ చెట్టు బంకను బట్టీ పెట్టి, ఆవిరిని చల్లార్చి తీస్తారు. ఇప్పుడు పెయింటర్లు వాడేది రిఫైనరీలో పెట్రోలియం నుంచి వచ్చే మినరల్ టర్పెంటైన్ ఆయిల్. వ్యాపారంలో దాన్ని ఎంటీవో అంటారు. గేటుకు ఎనామిల్ వేసుకునేవాడికి ఈ తేడాతో నష్టమేమీ లేదు, ఎంటీవోతోనే పని బాగా జరుగుతుంది. నష్టమంతా యూట్యూబ్‌లో అమెరికా వీడియో చూసి, అందులో విన్న పేరునే ఇక్కడి షాపులో అడిగినప్పుడు వస్తుంది.

ఆ వీడియోలో "పెయింట్ థిన్నర్" అన్నాడంటే అది మన ఎంటీవో లాంటిదే. వాళ్లు మినరల్ స్పిరిట్స్ అన్నా, ఇంగ్లండ్ వాళ్లు వైట్ స్పిరిట్ అన్నా అదే జాతి సరుకు. ఇక్కడ కౌంటర్ దగ్గర "థిన్నర్" అని ఊరికే అడిగితే మాత్రం ఎక్కువగా ఇచ్చేది ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్, చెక్క మీద కొట్టే లాకర్ అనే మెరుపు పూతలో కలిపేది. టోలీన్, అసిటోన్, బ్యుటైల్ ఎసిటేట్, ఆల్కహాల్ వంటివి కలిపిన ఘాటైన మిశ్రమం అది. అమెరికా వాళ్ల భాషలో లాకర్ థిన్నర్. దాన్ని ఎనామిల్‌లో కలిపి పాత పెయింటున్న గ్రిల్ మీద వేశారా, కింది పొర మెత్తబడి ఉబ్బుతుంది, పాల మీద మీగడలా ముడతలు పడుతుంది. ఇక గీకి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడమే. పెయింటు మంచిది కాదని షాపు మీద గొడవకు పోయే కేసుల్లో చాలావాటికి కారణం ఈ ఒక్క పేరే.

అందుకే కౌంటర్ దగ్గర పేరు చెప్పకండి, పని చెప్పండి. "ఎనామిల్‌లో కలపడానికి", "ఎన్‌సీ లాకర్‌కి", "లక్క పాలిష్‌కి" అనండి. తర్వాత డబ్బా తిప్పి వెనక రాసింది చదవండి.

ఏ పనికి ఏది

ఎనామిల్, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, ఆయిల్ బేస్ వార్నిష్ వీటికి ఎంటీవో. బ్రష్‌తో వేసేటప్పుడు లీటరు పెయింటుకు సుమారు 100 ఎంఎల్ దగ్గర మొదలుపెట్టి, బ్రష్ ఈడ్చకుండా సాగేదాకా కొద్దికొద్దిగా పెంచండి. డబ్బా మీద వేరే లెక్క ఉంటే దానిదే చివరి మాట. ఎక్కువ పోస్తే నిలువు చువ్వల మీద కన్నీళ్లలా కారుతుంది, మెరుపు చస్తుంది. మే నెల ఎండకు కాలిన ఇనుము మీద వేస్తే పైపొర ముందే ఆరిపోయి బ్రష్ గీతలు నిలిచిపోతాయి. దానికి మందు ఎక్కువ టర్పెంట్ పోయడం కాదు, పొద్దున తొమ్మిదిలోపు పని ముగించడం.

ఎంటీవో లేదని కిరసనాయిలు కలిపేవాళ్లున్నారు. కిరసనాయిల్లో ఆలస్యంగా ఆవిరయ్యే బరువైన భాగం ఎక్కువ. అది పొరలో ఉండిపోయి పెయింటు రోజుల తరబడి చేతికి అంటుతుంది. బేరింగులు, చైన్లు కడగడానికైతే కిరసనాయిలు దొరికినచోట అదే మేలు. బైకుల ఓ రింగ్ చైన్‌కి పెట్రోలు, థిన్నర్ తగిలితే లోపలి రబ్బరు దెబ్బతింటుంది, కిరసనాయిలుతో ఆ బాధ తక్కువ. కడిగాక గుడ్డతో తుడిచి, చైన్ ఆయిల్ వెయ్యడం మర్చిపోవద్దు.

ఎన్‌సీ లాకర్, సాండింగ్ సీలర్‌లకు ఎన్‌సీ థిన్నర్. పీయూ, అంటే పాలియురిథేన్ పూతకి, పీయూ థిన్నరే. ఇక్కడ సర్దుబాటుకు చోటు లేదు. పీయూలో రెండో డబ్బాగా వచ్చే హార్డెనర్ ఆల్కహాల్‌తోనూ, నీటితోనూ చర్య జరుపుతుంది. ఎన్‌సీ థిన్నర్‌లో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి హార్డెనర్‌లో కొంత పెయింటుకు చేరక ముందే దానితో చర్య జరిపి వృథా అవుతుంది. తలుపు వారం తర్వాత కూడా గోరు గుచ్చుకునేంత మెత్తగా ఉండిపోతుంది. థిన్నర్‌కి నీళ్లు తగిలి ఉంటే బుడగలు కూడా వస్తాయి. మోటారు వైండింగ్ వార్నిష్‌దీ ఇదే సంగతి: ఆ కంపెనీ ఏ థిన్నర్ రాసిందో అదే. బోరు మోటారు మళ్లీ పైకి లాగే ఖర్చు ముందు థిన్నర్‌లో మిగిల్చే నాలుగు డబ్బులు లెక్కలోకి రావు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వానల్లో, లాకర్ కొట్టినవాళ్లకు ఇంకో చిక్కు ఎదురవుతుంది. కొట్టిన పది నిమిషాలకు పొర పాలపొంగులా తెల్లబడుతుంది. థిన్నర్ వేగంగా ఆవిరై చెక్క ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద దిగి పొరలో ఇరుక్కుంటుంది. సరుకు కల్తీ అని వెంటనే అనుకోకండి. నెమ్మదిగా ఆవిరయ్యే రిటార్డర్‌ను డబ్బా మీద చెప్పిన మేరకు కలిపి, ఎండ పొడ ఉన్న రోజు మరో పల్చటి కోటు కొడితే చాలావరకు ఆ తెలుపు పోతుంది.

స్పిరిట్ అనే మాయ

వైట్ స్పిరిట్‌కీ పాలిష్ స్పిరిట్‌కీ పేరులో తప్ప సంబంధం లేదు. మొదటిది పెట్రోలియం, రెండోది ఆల్కహాల్. లక్క రేకులు ఆల్కహాల్‌లో కరుగుతాయి, ఎంటీవోలో ఎన్ని రోజులుంచినా కరగవు. ఏర్పేడు దగ్గరి మాధవమాల కొయ్యబొమ్మలకు పేరున్న ఊరు. అలాంటి చెక్కడపు బొమ్మకు లక్క పాలిష్ ఇవ్వాలంటే కావాల్సింది పాలిష్ స్పిరిట్. దీన్నే డినేచర్డ్ స్పిరిట్, మిథిలేటెడ్ స్పిరిట్ అని కూడా అంటారు.

కొలత ఇదీ: లీటరు స్పిరిట్‌కి 120 నుంచి 150 గ్రాముల లక్క రేకులు. గాజు సీసాలో వేసి మూత బిగించి, గంటకొకసారి కదుపుతూ రాత్రంతా వదిలేయండి. అడుగున ముద్దగా అంటుకుందంటే కదపడం తక్కువైనట్టు. పొద్దున పాత కాటన్ గుడ్డలో వడగట్టండి. సీసా మీద తేదీ రాయండి, ఎందుకంటే కరిగిన లక్క నెలలు గడిచేకొద్దీ గట్టిపడే గుణం పోగొట్టుకుంటుంది. ఆరు నెలలు దాటిన సీసాని నమ్మే ముందు ఒక చుక్క గాజు పలక మీద వేసి మర్నాడు చూడండి. ఇంకా జిగటగా ఉంటే పారేయాల్సిందే. అది బొమ్మ మీద కూడా అలాగే ఉంటుంది.

స్పిరిట్ దొరకలేదని శానిటైజర్ వాడొద్దు. అందులో నీళ్లుంటాయి, చాలావాటిలో గ్లిజరిన్ కూడా ఉంటుంది. లక్క తెల్లగా విరిగిపోతుంది. మెడికల్ షాపు సర్జికల్ స్పిరిట్ అన్నిచోట్లా ఒకటే సరుకు కాదు. ఇంగ్లండ్ రకంలో ఆముదం కూడా కలుపుతారు. అది సర్క్యూట్ బోర్డు మీద జిడ్డు మిగులుస్తుంది. బోర్డులకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకోండి. గాయాలకు వాడే 70 శాతం రకంలో మిగిలిన 30 శాతం నీళ్లే.

వుడ్ స్పిరిట్, వుడ్ నాఫ్తా అని ఎక్కడైనా కనిపిస్తే అది మిథనాల్. కొద్దిగా లోపలికి పోయినా చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. చిన్న వర్క్‌షాప్‌లో దానితో చేయాల్సిన పని ఒక్కటీ లేదు, కొనకండి.

ఒక్క అక్షరం తేడా

బెంజీన్ వేరు, బెంజిన్ వేరు. బెంజీన్ అనేది ఒకే రసాయనం, రక్త క్యాన్సర్ తెచ్చేదని తేలినది. పాత పుస్తకాల్లో బెంజోల్ అన్నా అదే. దీర్ఘం లేని బెంజిన్ అంటే తేలికపాటి పెట్రోలియం మిశ్రమం. జర్మన్ భాషలో బెంజిన్ అంటే బండిలో పోసే పెట్రోలే. టోలుఓల్ అన్నా టోలీన్ అన్నా ఒకటే, జైలోల్ అన్నా జైలీన్ అన్నా ఒకటే. పారాఫిన్ కథ ఇంకా బాగుంటుంది: ఇంగ్లండ్‌లో కిరసనాయిలు, మన దగ్గర కొవ్వొత్తి మైనం, మెడికల్ షాపులో "లిక్విడ్ పారాఫిన్" అంటే మలబద్ధకానికి ఇచ్చే నూనె. ఒకే పేరుతో మూడు సరుకులు.

వీటన్నిటికంటే ప్రమాదమైన జంట ఎంఈకే, ఎంఈకేపీ. ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) అసిటోన్‌కి అన్నలాంటి సాల్వెంట్, పైపులు అతికించే కొన్ని సిమెంట్లలో ఉంటుంది. చివర్న 'పీ' చేరితే పెరాక్సైడ్. ఫైబర్‌గ్లాస్ రెజిన్ గట్టిపడడానికి వేసే క్యాటలిస్ట్ అది, కడగడానికి వాడే ద్రవం కాదు. కిలో రెజిన్‌కి మామూలుగా 10 నుంచి 20 ఎంఎల్. చిత్తూరు, తిరుపతి వేసవిలో 10 దగ్గరే ఆగండి, లేకపోతే కప్పులోనే గడ్డకట్టి పొగలొస్తాయి. దీనికి తోడుగా వచ్చే ఊదారంగు కోబాల్ట్ యాక్సిలరేటర్‌ని ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపేయాలి, ఎంఈకేపీ ఆ తర్వాతే. రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి పోస్తే అక్కడికక్కడే మంట లేస్తుంది, పేలనూ వచ్చు. కొలిచే గ్లాసులు వేరు, పెట్టే అరలు వేరు. మూత తీసేటప్పుడు కళ్లద్దాలు ఉండి తీరాలి, ఒక్క చుక్క కంట్లో పడినా చూపుకే ముప్పు.

ఇంకొకటి, వెల్డింగ్ షాపులకు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టి, ఆరకముందే ఆర్క్ తాకిస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు. డబ్బా మీద "క్లోరో" గానీ "క్లోరైడ్" గానీ ఉన్న పేరు ఏది కనిపించినా వెల్డింగ్ చోటుకి తేవద్దు.

లేబుల్ ఊడిపోయిన సీసా

వాసన చూసి చెప్పేస్తామనే పెద్దలుంటారు. ముక్కుకి అది మంచిది కాదు, పైగా నమ్మలేం కూడా. ఆరుబయట, నిప్పుకు దూరంగా మూడు చిన్న పరీక్షలు చేస్తే ఏ జాతి సరుకో తెలుస్తుంది.

గాజు సీసాలో రెండు చెంచాల నీళ్లు, రెండు చెంచాల ఆ ద్రవం పోసి కదపండి. పూర్తిగా కలిసిపోతే ఆల్కహాల్ లేదా అసిటోన్. నూనెలా పైకి తేలితే ఎంటీవో, కిరసనాయిలు, పెట్రోలు, టోలీన్ వర్గం. మబ్బుగా మారి కొంత కలిసి కొంత తేలితే ఎక్కువగా థిన్నర్. తర్వాత తెల్ల కాగితం మీద ఒక చుక్క: అసిటోన్ చూస్తుండగానే మాయమవుతుంది, ఎంటీవో చాలాసేపు ఉండి మరక లేకుండా పోతుంది, కిరసనాయిలు మరక గంటల తరబడి కనిపిస్తుంది. చివరగా థర్మోకోల్ ముక్క. అసిటోన్, టోలీన్, థిన్నర్ దాన్ని తినేస్తాయి, పాలిష్ స్పిరిట్ ఏమీ చేయదు. ఇన్ని చేసినా తేలకపోతే ఆ సీసాని బ్రష్షులు కడగడానికి కూడా వాడకండి.

రేకుల షెడ్డులో దాచేవాళ్లకు

ద్రవం ఎంత వేడెక్కితే పైన మంట అంటుకునేంత ఆవిరి తయారవుతుందో దాన్ని ఫ్లాష్ పాయింట్ అంటారు. పెట్రోలుకి సున్నా కింద 40 డిగ్రీల దగ్గర, అసిటోన్‌కి సున్నా కింద 20 దగ్గర, స్పిరిట్‌కి సుమారు 13 నుంచి 17. ఎంటీవోకి 30 నుంచి 40 మధ్య, కిరసనాయిలుకి కనీసం 35. చల్లని దేశపు వీడియోలో "ఇది అంత తేలిగ్గా అంటుకోదు" అని ఎంటీవో లాంటిదాన్ని చూపిస్తాడు, అక్కడ ఆ మాట నిజమే. రేణిగుంట రోడ్డులో మే నెలలో బయటే 42 డిగ్రీలుంటే రేకుల కింద ఇంకా ఎక్కువ. అంటే మన టర్పెంట్ ఫ్లాష్ పాయింట్ దాటేసి కూర్చుంటుంది. దాన్ని పెట్రోలులాగే చూడాలి.

ఆ ఆవిరి గాలికంటే బరువు. నేల మీద పాకుతూ పోయి పక్క గదిలో టీ పెట్టిన స్టవ్వును చేరుతుంది. నేల దగ్గర గాలి కదిలేలా కిందనే కిటికీ గానీ తూము గానీ ఉండాలి. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కే ఆపుతుంది. నీలం రంగు నైట్రైల్ గ్లోవ్స్ ఎంటీవోకి సరిపోతాయి, అసిటోన్ వాటిలోంచి నిమిషాల్లో దిగిపోతుంది. దానికి బ్యుటైల్ రబ్బరు గ్లోవ్స్ కావాలి. మంట లేస్తే నీళ్లు చల్లకండి, మంట నీళ్ల మీద తేలి పాకుతుంది. పొడి చల్లి మంటలార్పే డీసీపీ సిలిండర్, ఒక బకెట్ ఇసుక గుమ్మం దగ్గరే ఉంచండి, లోపలి మూల కాదు.

నీళ్ల బాటిల్, కూల్‌డ్రింక్ బాటిల్‌లో ఏదీ పోయొద్దు. పిల్లలెవరైనా కిరసనాయిలు, టర్పెంట్ తాగితే వాంతి చేయించకూడదు. వాంతితో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఎక్కువ ప్రమాదం. డబ్బాతో సహా నేరుగా ఆస్పత్రికి.

వాడిన ఎంటీవోని పారబోయక్కర్లేదు. మూత ఉన్న గాజు జాడీలో రెండు రోజులు ఉంచితే పెయింటు అడుగున పేరుకుంటుంది, పైన తేటని వంపుకుని మళ్లీ బ్రష్షులకు వాడుకోవచ్చు. మడ్డిని మాత్రం కాలవలో పోస్తే అది చివరికి చేరేది స్వర్ణముఖి నదికో నీవా నదికో.

పనిముట్లలోనూ ఇదే తంతు

స్టార్ స్క్రూడ్రైవర్ అని అడిగితే ఫిలిప్స్ ఇస్తారు. మాడ్యులర్ కిచెన్ కబ్జాల స్క్రూల మీద పెద్ద గీతల మధ్యలో సన్నటి గీతలు నాలుగు కనిపిస్తే అవి పోజిడ్రైవ్. దానిలో ఫిలిప్స్ కూర్చున్నట్టే ఉండి, బిగించేసరికి పైకి తన్ని తల అరగదీస్తుంది. జపాన్ సంతతి బైకుల ఇంజన్ కవర్ స్క్రూలు మూడో రకం, జేఐఎస్ అనే జపాన్ ప్రమాణానివి. కొన్నిటి తల మీద చిన్న చుక్క ఉంటుంది. మూడూ కొనాలా అంటే, వడ్రంగం పనికి పోజిడ్రైవ్‌లో పీజెడ్ 2, ఫిలిప్స్‌లో పీహెచ్ 2 చాలు. బైకు పనికి సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ ఒకటి, జేఐఎస్ బిట్‌తో. పట్టేసిన కవర్ స్క్రూకి దాన్ని మించింది లేదు.

పానాల్లో మొదట కొనాల్సింది ఏది? డబుల్ ఎండ్ సెట్టు అందరూ కొంటారు. డబ్బు ఒక్క సెట్టుకే ఉంటే కాంబినేషన్ సెట్టే మంచిది, ఒకవైపు ఓపెన్, రెండో వైపు అదే సైజు రింగ్. ఓపెన్ పానా నట్టును రెండు ముఖాల మీదే పట్టుకుంటుంది, రింగ్ చుట్టూ పట్టుకుంటుంది. తుప్పు నట్టుకి ఆరు మూలల సాకెట్ ఇంకా నయం, పన్నెండు మూలలది మూలలు గుండ్రంగా చేస్తుంది. ఎం6 బోల్టుకి 10, ఎం8కి 13. జపాన్ బైకుల్లో ఎం8కే 12 రావచ్చు. పాత మోటార్లు, పైపు క్లాంపుల మీద అంగుళాల బోల్టులు తగులుతాయి. నాలుగు నూళ్ల తల, అంటే అర అంగుళం, 12.7 ఎంఎం. దానికి 13 పానా ఎక్కుతుంది, పైకి సరిపోయినట్టే ఉంటుంది, గట్టిగా లాగితే జారి వేళ్లు గోడకు తగులుతాయి.

అడ్జస్టబుల్ పానాని ఎటు తిప్పాలో చాలామంది చూసుకోరు. లాగే బలం కదలని దవడ మీద పడాలి, కదిలే దవడ మీద కాదు. పైపు రెంచ్ గుండ్రటి ఇనప పైపుకే. దాంతో నట్టు విప్పితే ఆ నట్టు మళ్లీ ఏ పానాకీ పనికిరాదు.

హ్యాక్సా బ్లేడుకు దళసరి ఇనుము, అల్యూమినియం అయితే అంగుళానికి 18 పళ్లు, యాంగిల్‌కి 24, పల్చటి రేకుకీ సన్న ట్యూబుకీ 32. ఎప్పుడూ కనీసం మూడు పళ్లు లోహం మందం మీద ఉండాలి. రేకు మీద 18 పళ్లది పెడితే రెండు పళ్ల మధ్య రేకు ఇరుక్కుని పళ్లు ఊడిపోతాయి. పళ్లు ముందుకు చూసేలా బిగించండి, కోత ముందుకు తోసేటప్పుడే.

చివరగా, ద్రవాల అరా పనిముట్ల అరా కలిసేచోటు ఒకటుంది. పచ్చగా, పసుపుగా మెరిసే పారదర్శకపు స్క్రూడ్రైవర్ పిడులు ఎక్కువగా సెల్యులోజ్ ఎసిటేట్. జిడ్డు పోతుందని అసిటోన్‌తోనో థిన్నర్‌తోనో తుడిస్తే పిడి మెత్తబడి వేలిముద్రలు అచ్చుపడతాయి. సబ్బునీళ్లు చాలు. సుత్తి, ఉలి చెక్కపిడులకు అవిసెనూనె పల్చగా రుద్దొచ్చు. కానీ రుద్దిన గుడ్డని ఉండచుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది, ఉండలో వేడి బయటికి పోక గంటల్లో అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. విప్పి ఆరుబయట తీగ మీద ఒంటి పొరగా వేయండి, లేదా నీళ్లలో ముంచి మూతున్న ఇనప డబ్బాలో పెట్టండి.